నాలుగో టేబుల్ లైను

4వ తేదీ, సోమవారం

ఇది మా ఆయన పాత కొలతల పుస్తకం. ముందు పేజీల నిండా ఎవరెవరివో ఛాతీలు, నడుములు, చేతి పొడవులు. వెనక ఖాళీ పేజీలు నాకిచ్చి, "కోపం వస్తే ఇందులో రాసుకో, కప్పులు మాత్రం విసరకు, ఇంకా రెండే మిగిలాయి" అన్నారు. టైలరు కదా, దేన్నీ పారేయరు. సరే, రాస్తున్నాను.

నాలుగో టేబుల్ మళ్లీ పోయింది.

నీళ్ల ఆఫీసు ఫిర్యాదుల గదిలో ఆరు టేబుళ్లు, ఆరు ఫోన్లు, ఆరు కంప్యూటర్లు. టేబుల్‌కి ఒక్కటే సాకెట్ గోడలో. సాకెట్ నుంచి వైరు ఫోనుకి వెళ్తుంది. ఫోను వెనక నుంచి ఇంకో వైరు కంప్యూటర్‌కి వెళ్తుంది. ఫోనుకి కరెంటు కూడా ఆ గోడ వైరులోంచే. ఫోను ఆగిందంటే దాని వెనకున్న కంప్యూటర్‌కీ నెట్ ఉండదు. అంతే విషయం. హెడ్డు గారికి నెలకోసారి ఇది చెబుతాను, నెలకోసారి ఆయన కొత్తగా "ఓహో" అంటారు.

పదకొండింటికి నాలుగో టేబుల్ అక్క దగ్గర్నుంచి కాల్. తన ఫోను పోయింది కాబట్టి ఐదో టేబుల్ అమ్మాయి ఫోనులోంచి.

"వైరమ్మా, మళ్లీ పోయిందమ్మా. పైపు పగిలి వీధంతా మునిగిందని ఒకాయన చెబుతుంటే సగంలో కట్టయింది. కంప్యూటర్లో కొట్టిందీ పోయింది. ఇప్పుడాయన నన్నెన్ని తిట్లు తిట్టుకుంటున్నాడో!"

వైరమ్మ నేనే, ఆ ఆఫీసులో వైర్లూ ఫోన్లూ బాగుచేసేదాన్ని. ఆ పేరు ఎవరు పెట్టారో తెలిస్తే వాళ్ల సంగతి చెబుతాను.

మెట్లెక్కి వెళ్లేసరికి ఫోను లేచి కూర్చుంది. కంప్యూటరూ లేచింది. నన్ను చూస్తే అన్నీ బుద్ధిగా పనిచేస్తాయి. అరగంట పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఆవిడ నన్ను చూస్తూ రిసీవరు చెవికి నొక్కిపెట్టుకుని పనిచేసింది, ఒక్కసారి కూడా పోలేదు. "ఏం ముట్టుకున్నారు?" అంటే "ఏమీ ముట్టుకోలేదు తల్లీ." ఈ మాట ఎన్ని ఆఫీసుల్లో విన్నానో. ఎవరూ ఏమీ ముట్టుకోరు, అన్నీ వాటంతటవే చెడిపోతాయి.

ప్రతి రిపేరుకీ రాసే టికెట్‌లో "వాడేవారి పొరపాటు" అని రాసి మూసేశాను. ఇది ఐదోది.

5వ తేదీ

ఈ రోజు రెండుసార్లు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఆవిడ వరస. రెండు టికెట్లూ మూసేశాను. వాడేవారి పొరపాటు, వాడేవారి పొరపాటు.

7వ తేదీ, గురువారం

ఇవాళ నేనేం చేయలేదో చెప్పమనండి ఎవరినైనా.

ఫోను మార్చాను. పోయింది. ఫోనుకీ సాకెట్‌కీ మధ్య వైరు మార్చాను. పోయింది. కంప్యూటర్ వైరు మార్చాను. పోయింది. ఫోను తీసేసి కంప్యూటర్‌ని నేరుగా గోడకి పెట్టాను, రెండు గంటలు దివ్యంగా పనిచేసింది. కానీ ఫోను లేకుండా ఫిర్యాదులు ఎవరు వింటారు, కాకులా? మళ్లీ ఫోను పెట్టాను.

అక్క భోజనానికి వెళ్తే ఐదో టేబుల్ అమ్మాయిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. గంటన్నరలో ముప్ఫై కాల్స్ తీసుకుంది. ఒక్కటి కట్ కాలేదు. అక్క వచ్చి కూర్చుంది. నేను కిందకి దిగిన ఇరవై నిమిషాల్లో పోయింది.

హెడ్డు గారు గది మధ్యలో నిలబడి, "ఆవిడ చెయ్యి పడితే పచ్చని చెట్టయినా ఎండిపోతుంది, ఇంక ఫోనెంత!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా, అందరూ నవ్వుతున్నారు కాబట్టి నవ్వాలన్నట్టు.

గోడ లోపలి వైరు చూడాల్సిన పని లేదు. ఆ గదిలో వైర్లన్నీ మూడేళ్ల కిందట నేనే వేశాను. వైరులో లోపం లేదు.

8వ తేదీ, శుక్రవారం

హెడ్డు గారు పిలిచారు. నెలాఖరుకి కాంట్రాక్టులు మళ్లీ రాస్తారట. "ఏమ్మా, నాలుగో టేబుల్ మీద నీ టికెట్లు చూశాను. ఏడింటికి ఏడూ వాడేవారి పొరపాటే. ఇన్ని కాల్స్ కట్టయితే జనం పైవాళ్లకి ఫోన్లు చేసి నన్ను తిట్టిస్తున్నారు. ఒక రిపోర్టు రాసి సంతకం పెట్టివ్వు. ఆవిడ సంగతి నేను చూసుకుంటా."

చూసుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. గేటు బయటికి.

అంతటితో వదిలారా, "గోడలో వైరు కూడా ఒకసారి చూశావా?" అన్నారు.

"ఆ వైరుకేం సార్? నేనే వేశాను! ఒకే ముక్క! నా సంతకం ఉంది పేపరు మీద!"

"అడిగానంతేనమ్మా, అరుస్తావేం?"

ఫోనులో రెండు రంధ్రాలు ఎందుకున్నాయో తెలియని మనిషి నా వైరు గురించి అడగటమా! ఇంటికొచ్చి ఆయనకి చెబితే, గుండీ కుడుతూ తల ఎత్తకుండా, "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నావేమిటి?" అన్నారు.

ఒక కప్పు మిగిలింది.

11వ తేదీ, సోమవారం

దొరికింది!

వెనక బీరువా పక్కన, ఆవిడకి కనపడకుండా నిలబడ్డాను. కాల్ వస్తే రిసీవరు ఎత్తదు. స్పీకరు నొక్కుతుంది. శబ్దం చివరి గీత దాకా పెంచుతుంది. తల ఎడమ పక్కకి వంచి, ఫోను మీదకి వాలి, రెండు చేతులతో టైపు చేస్తుంది. అవతల ఎవరో పెద్దాయన మూడు రోజుల్నుంచి కుళాయిలో బురద వస్తోందని గొంతు చించుకుంటున్నాడు. స్పీకరు అదిరిపోతోంది. ఉన్నట్టుండి ఫోను దీపాలన్నీ ఆరిపోయాయి, కంప్యూటర్లో నెట్ గుర్తు మీద ఎర్ర గీత పడింది. నా కళ్లతో చూశాను.

మెట్ల దగ్గరికి లాక్కెళ్లాను. "ఏమీ ముట్టుకోలేదన్నారే!"

"స్పీకరు నొక్కటం ముట్టుకోవటమా తల్లీ? అది ఫోనులోనే ఉంది కదా."

"మరి నేనున్నప్పుడు రిసీవరు ఎందుకెత్తారు?"

ఆవిడ కిందకీ పైకీ చూసింది. ఎవరూ లేరు. "కుడి చెవి అసలు వినపడదు. రెండేళ్లయింది. ఎడమది సగం. రిసీవరు పెట్టుకుంటే గరగర తప్ప ముక్క అర్థం కాదు. నువ్వు పక్కన కూర్చున్న అరగంటలో నేను రాసుకున్న చిరునామాలన్నీ తప్పులే. నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకు. ఫిర్యాదులు వినే మనిషికి చెవుల్లేవంటే ఒక్క రోజు ఉంచుతారా? ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

చల్లకొచ్చి ముంత దాచటం అంటే ఇదే. నన్ను రోజుకి ఎన్నిసార్లు మెట్లెక్కించింది! ఆ ముక్క మొదటి రోజే చెబితే ఏం పోయేది? "చెప్పనులెండి" అన్నాను, కోపంగానే అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, నేను లాక్కున్నాను.

12వ తేదీ

మూడో టేబుల్ ఫోను స్పీకరు పూర్తిగా పెంచి గంట సేపు వాగించాను. ఏమీ కాలేదు.

నాలుగో టేబుల్ ఫోను మూడో టేబుల్‌కి తెచ్చి వాగించాను. ఏమీ కాలేదు.

మూడో టేబుల్ ఫోను నాలుగో టేబుల్‌కి తీసుకెళ్లి వాగించాను. రెండు నిమిషాలు. పోయింది. ఇంకోసారి. పోయింది. ఇంకోసారి. పోయింది.

గోడ సాకెట్ అయ్యుంటుంది. మార్చాను. పోయింది.

వైరులో లోపం లేదు. నేనే వేశాను.

13వ తేదీ

ఇవాళ ఏమీ రాయను.

14వ తేదీ, గురువారం

ఆయన ఎవరిదో ప్యాంటు సరిచేస్తున్నారు. మోకాలి దగ్గర పాత అతుకు పక్కనే మళ్లీ చిరిగింది. "మామూలుగా నడిచినన్నాళ్లు ఏమీ కాదు, గట్టిగా గుంజితే మాత్రం అతుకు దగ్గరే పోతుంది" అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. నన్నంటున్నారనుకుని విరుచుకుపడ్డాను. పాపం, ఆయన నిజంగానే ప్యాంటు గురించి అన్నారు. నోరెళ్లబెట్టి చూశారు.

సరే. రాస్తున్నాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరు చదువుతారు?

మూడేళ్ల కిందట తెల్లారితే ఆ గది ప్రారంభం. కుర్చీలకి కవర్లు కూడా తీసేశారు. ఐదు టేబుళ్లకి వైరు వేసేశాను. నాలుగోదానికి లాగుతుంటే వైరు చుట్ట అయిపోయింది. తొమ్మిది అడుగులు తక్కువ. దుకాణాలు మూసేసి ఉన్నాయి. నా బాధ్యత మీద చేసిన మొదటి పని అది. మిగిలిన ముక్క తెచ్చి, లోపలి ఎనిమిది సన్న తీగల్ని ఒక్కోదాన్నీ మెలితిప్పి, టేపు చుట్టి, నేల కింద గొట్టంలోకి తోసేశాను. వచ్చే వారం మారుద్దాం అనుకున్నాను. పేపరు మీద "ప్రతి వైరూ ఒకే ముక్క, పరీక్షించబడినది" అని ఉంది. సంతకం పెట్టాను. ఆ వచ్చే వారం ఇంతవరకూ రాలేదు.

ఫోను మామూలుగా పనిచేయటానికి ఆ జాయింటులోంచి వచ్చే కరెంటు సరిపోతుంది. స్పీకరు పూర్తిగా పెంచితే ఎక్కువ కావాలి, జాయింటు ఇవ్వలేదు, ఫోను ఆగిపోతుంది. మిగతావాళ్లెవరూ స్పీకరు పెట్టరు కాబట్టి ఎవరు కూర్చున్నా పోదు. కంప్యూటర్‌ని నేరుగా పెడితే పోదు, ఎందుకంటే దానికి ఆ వైరులోంచి కరెంటు అక్కర్లేదు. ఏడో తారీఖున ఆ రెండు గంటల్లోనే నాకు తెలిసింది.

ఏడో తారీఖున కాదు. ఐదో టికెట్‌కి ముందే అనుమానం ఉంది. నాలుగో టేబుల్ అని వినగానే ఆ టేపు గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ మీద కోపం వచ్చేది.

15వ తేదీ, శుక్రవారం

రిపోర్టు ఇచ్చేశాను. "నాలుగో టేబుల్ ఉద్యోగి ఫోను స్పీకరును నిరంతరం పూర్తి శబ్దంతో వాడుతున్నారు. అలా వాడినప్పుడు ఫోను ఆగిపోయి, దాని ద్వారా వెళ్లే కంప్యూటర్ కనెక్షన్ కూడా పోతోంది."

ఇందులో ఒక్క అబద్ధం చూపించమనండి. లేదు. చెవి సంగతి రాయలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను.

ఆదివారం గది ఖాళీగా ఉంటుంది. వైరు మార్చేస్తాను. ఇక ఫోను ఆగదు. ఆగకపోతే ఆవిడని ఎవరూ ఏమీ అనరు. అందరికీ మంచిదే. ఇంత తేలిక విషయానికి ఇన్నాళ్లు కడుపు మండించుకున్నాను.

17వ తేదీ, ఆదివారం

మార్చేశాను! ఒకే ముక్క, ఈసారి నిజంగా. జాయింటు బయటికి లాగితే టేపు జిగురు కారిపోయి ఉంది, లోపల తీగలు పచ్చగా చిలుము పట్టాయి. సరిగ్గా మధ్యలో కత్తిరించకుండా రెండు పక్కలా అడుగు వదిలి కోశాను, ఎందుకో. టిఫిన్ డబ్బాలో వేసుకుని తెచ్చాను, పారేద్దామని. ఇంకా పారేయలేదు.

నా మొబైల్ నుంచి కాల్ చేసి, స్పీకరు చివరి గీత దాకా పెంచి, ఖాళీ గదిలో గంట సేపు నాకొచ్చిన ఎక్కాలన్నీ అరిచాను. ఒక్కసారి కూడా పోలేదు. పదమూడో ఎక్కం మర్చిపోయాను.

ఇంటికొచ్చి ఆయనకి నేనే టీ పెట్టిచ్చాను. కప్పు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి భయంభయంగా తీసుకున్నారు.

18వ తేదీ, సోమవారం

కుర్చీ ఖాళీ.

శనివారం సాయంత్రమే చెప్పేశారట, సోమవారం నుంచి రావక్కర్లేదని. నెలాఖరు దాకా కూడా ఆగలేదు. నా రిపోర్టు చూపించి చెప్పారట. ఆవిడ చదువుకుని మడిచి ఇచ్చేసి, "వైరమ్మ ఉన్నమాటే రాసింది" అందట. ఐదో టేబుల్ అమ్మాయి చెప్పింది.

20వ తేదీ, బుధవారం

సోమవారం మధ్యాహ్నమే నాలుగో టేబుల్‌కి కొత్త మనిషిని తెచ్చారు. రిసీవరు పెట్టుకుని చక్కగా మాట్లాడుతోంది.

హెడ్డు గారు గదిలోకొచ్చి చప్పట్లు కొట్టి అందరినీ ఇటు చూడమన్నారు. "చూశారా? మూడు రోజులు. నాలుగో టేబుల్ ఒక్కసారి పోలేదు. మనిషి వెళ్లింది, రోగం వెళ్లింది. వైరమ్మ రిపోర్టు అక్షరం పొల్లుపోలేదు!"

అందరూ నన్ను చూసి చప్పట్లు కొట్టారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మనిషిని ఏం చేస్తే తీరుతుంది నా కోపం? ఒక్కసారైనా టేబుల్ కింద వంగి చూశాడా? ఇంకో టేబుల్లో స్పీకరు పెట్టి చూద్దామన్న బుద్ధి పుట్టిందా? ఆ చప్పట్లు కొట్టినవాళ్లు? మొన్నటిదాకా ఆవిడతో కలిసి తిన్నవాళ్లే కదా?

ఎవరిని తిట్టినా కడుపు చల్లారటం లేదు. ఆదివారం వైరు మార్చకపోతే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు స్పీకరు పెట్టేవాళ్లు, ఫోను పోయేది, అప్పుడైనా తప్పు ఆవిడది కాదని తెలిసేది. ఆవిడకి ఉన్న ఒక్క సాక్ష్యాన్ని నేనే నేల కింద నుంచి పీకేశాను. బాగుచేశాననుకుని సంబరంగా టీ పెట్టాను.

21వ తేదీ

ఆఖరి కప్పు.

ఆయన ముక్కలు ఎత్తుతూ, "ఇంక గ్లాసుల్లో తాగుదాంలే, స్టీలువి" అన్నారు. అప్పుడు చెప్పాను మొత్తం. విని, మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించుకున్నారు. "ఆ ముక్క పారేశావా?" అని మాత్రం అడిగారు.

22వ తేదీ, శుక్రవారం

డబ్బా తెరిచి హెడ్డు గారి టేబుల్ మీద పెట్టాను.

"ఏంటమ్మా ఈ ఎలక తోక?"

"నాలుగో టేబుల్ వైరు సార్. మూడేళ్ల కిందట నేనే అతికాను. ఆదివారం తీసేశాను. మూడు రోజులు పోకపోవడానికి కారణం ఆవిడ వెళ్లటం కాదు, ఇది వెళ్లటం."

ఆయన తలుపు వంక చూశారు. తలుపు తెరిచే ఉంది. కావాలనే వేయలేదు. "ఇప్పుడు బాగానే ఉంది కదా! మానిన పుండు ఎందుకు గోకుతావు?"

"మానింది నాకు సార్. ఆవిడకి కాదు."

ఆయన ఇంకేమీ అనకముందే గదిలోకి నడిచాను. రాత్రంతా నిద్ర లేదు కాబట్టి ఆ ముక్కకి పొద్దున్నే రెండు వైపులా పిన్నులు బిగించి ఉంచుకున్నాను. కొత్త మనిషిని లేవమన్నాను. సాకెట్‌కీ ఫోనుకీ మధ్య ఆ అతుకు ముక్క పెట్టాను. ఐదో టేబుల్ అమ్మాయి నంబరు కొట్టింది. స్పీకరు చివరి గీత దాకా పెంచి, "గట్టిగా అరువమ్మా" అన్నాను. ఆ పిల్ల అరిచింది, నేనూ అరిచాను, అన్ని రోజుల కోపమూ ఆ ఫోనులోకే అరిచాను. నిమిషం గడవకముందే దీపాలు ఆరిపోయాయి, కంప్యూటర్లో ఎర్ర గీత పడింది. ముక్క తీసి మామూలు వైరు పెట్టి మళ్లీ అరిచాను. ఎంతసేపు అరిచినా పోలేదు. చప్పట్లు కొట్టినవాళ్లెవరూ ఈసారి కొట్టలేదు.

హెడ్డు గారు నెమ్మదిగా, "అంటే తప్పుడు సంతకం పెట్టావన్నమాట" అన్నారు.

"రెండుసార్లు పెట్టాను సార్. మూడేళ్ల కిందట ఒకసారి, పోయిన శుక్రవారం ఒకసారి. ఇదిగో, మూడోది." కొత్త రిపోర్టు ఇచ్చాను. అందులో జాయింటు ఉంది, తొమ్మిది అడుగులు ఉన్నాయి, ఏడు టికెట్లూ ఉన్నాయి.

"అసలు ఆవిడకి ఎప్పుడూ ఆ స్పీకరెందుకు?"

"ఫోనుకి స్పీకరు పెట్టింది వాడటానికే సార్."

అంతకంటే చెప్పలేదు.

25వ తేదీ, సోమవారం

తాళాలు, కార్డు, పనిముట్ల సంచి తీసేసుకున్నారు. సంచిలో నా సొంత స్క్రూడ్రైవరు ఉంది. అది నాదని గేటు దగ్గర పావుగంట పోట్లాడి తెచ్చుకున్నాను.

27వ తేదీ

ఐదో టేబుల్ అమ్మాయి ఫోన్ చేసింది. అక్కని మళ్లీ పిలిచారట, వచ్చిందట. నాలుగో టేబుల్‌కే. రాగానే గది మధ్యలో, సరిగ్గా హెడ్డు గారు చెట్టూ చెయ్యీ అన్న చోటే నిలబడి, "నాకు ఒక చెవి లేదు, రెండోది సగమే. అందుకే స్పీకరు. ఉంచుతారా, పంపుతారా, ఇప్పుడే చెప్పండి" అందట. అందరూ హెడ్డు గారినే చూస్తుంటే ఆయన "ఓహో" అన్నారట.

నన్ను అడిగిందా అని అడగలేదు. ఆ అమ్మాయీ చెప్పలేదు.

29వ తేదీ, శుక్రవారం

ఫిర్యాదుల నంబరుకి ఫోన్ చేశాను. మొదటిసారి రెండో టేబుల్ వచ్చింది, పెట్టేశాను. రెండోసారి ఆరో టేబుల్, పెట్టేశాను. నాలుగోసారికి వచ్చింది.

"నీళ్ల ఆఫీసు, చెప్పండి. గట్టిగా చెప్పాలి, నాకు ఒక చెవి వినపడదు."

"అక్కా, నేను."

"గట్టిగా చెప్పాలమ్మా. ఏ వీధి?"

"తప్పు నాదక్కా."

"వినపడట్లేదు. గొంతు పెంచండి."

పెంచాను. ఇల్లు అదిరేలా, "వైరు అతికింది నేను! తెలిసి కూడా మీ మీద రాసింది నేను! తప్పు నాదే అక్కా!" అని అరిచాను. లోపల కుట్టుమిషను ఆగిపోయింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. అక్కడ స్పీకరు పెట్టి ఉంటుంది కాబట్టి గదంతా విని ఉంటుంది. వినమనండి.

అవతల టైపు చప్పుడు ఆగింది.

"వైరమ్మా."

"ఆ, అక్కా."

"వైరుదేముంది, అవసరానికి అందరం అతుకులేస్తాం. ఆ రోజు వాళ్లందరితో కలిసి నువ్వూ నవ్వావు. నాకు వినపడదు గానీ కళ్లు కనపడతాయి."

ఈసారి ఎవరి మీదా కోపం రాలేదు.

"నీళ్ల ఫిర్యాదేమైనా ఉందా?"

"లేదక్కా."

"అయితే పెట్టేస్తున్నా. వెనక జనం ఉన్నారు."

పెట్టేసింది. ఆవిడే పెట్టేసింది. లైను దానంతటది పోలేదు.